పాట అర్థం, యాభై మాటలకు మించకుండా

అసలు సీసా అనగానే లోకంలో అందరికీ ఆ ఒక్క సీసాయే ఎందుకు గుర్తుకు రావాలి? సిరా సీసా లేదా? తేనె సీసా లేదా? పసిపిల్లల పాల సీసా, తలనూనె సీసా, గోళ్ల రంగు సీసా, ఇంతెందుకు, ఇప్పుడు నా ఎడమ మేజోడులో, చీలమండ పక్కన, ఒంటి వేడికి నులివెచ్చగా ఉన్న ఈ బొటనవేలంత సీసా మాత్రం సీసా కాదా? కానీ నా కూతురు పాటలో "చిన్న సీసా" అని వినబడగానే మా వీధి, మా ఆఫీసు, మా అత్తగారు, అందరూ ఏకగ్రీవంగా నన్ను తాగుబోతుని చేసి కూర్చోబెట్టారు.

నిజంగా తాగుబోతునైనా బాగుండేది. తాగుబోతుకి ఒక హోదా ఉంది. వాడు తూలితే పట్టుకునేవాళ్లుంటారు, ఏడిస్తే ఓదార్చేవాళ్లుంటారు, మానేస్తే దండలు వేసేవాళ్లుంటారు. నాది ముక్కు. ముక్కులో వేసుకునే మందుకి బానిసైనవాణ్ణి చూసి ఎవరూ కన్నీళ్లు పెట్టుకోరు. నవ్వుతారు. నేనైనా నవ్వుతాను.

చెప్పుకుంటే సిగ్గు. ఏడేళ్ల కిందట జలుబు చేసి, ముక్కు దిబ్బడ వేసి, ఈ మందు కొనుక్కున్నాను. వేసుకున్న నిమిషంలో ముక్కు తలుపులు తెరుచుకున్నాయి. గాలి ఇంత తియ్యగా ఉంటుందని అంతవరకూ నాకు తెలియదు. జలుబు వారంలో పోయింది, మందు పోలేదు. ఈ మందుతో ఉన్న చిక్కే అది. ఎక్కువ రోజులు వేస్తే, దిబ్బడ తగ్గించాల్సిన మందే దిబ్బడ వేయిస్తుంది. మళ్లీ దాన్ని తగ్గించడానికి అదే మందు. ఏడాది తిరిగేసరికి ముక్కు డాక్టరు దగ్గరికి వెళ్లాల్సివచ్చింది. ఆయన నా ముక్కులోకి లైటు వేసి చూసి, మా ఆవిడ వైపు తిరిగి, "ఈయన చేత మాన్పించండమ్మా" అన్నాడు, నేను ఆ గదిలో లేనట్టు. ఇంటికొచ్చాక మా ఆవిడ ఒట్టు వేయమంది. వేశాను. మామూలు ఒట్టయితే నమ్మదని, "పాప మీద ఒట్టు" అన్నాను. పాపకప్పుడు పదకొండేళ్లు. పక్క గదిలో లెక్కలు చేసుకుంటోంది.

నాలుగు రోజులు మానేశాను. అయిదో రోజు నుంచి, ఇదిగో, మేజోడు.

ఈ ఆరేళ్లలో నా తెలివితేటల్లో సగం ఆ సీసాల్ని దాచడానికే ఖర్చయ్యాయి. గొడుగు మడతలో ఒకటి. పాత కళ్లజోడు పెట్టెలో ఒకటి. బాత్రూములో, నీళ్లు వేడిచేసే గుండ్రటి పీపా వెనక ఒకటి. ఒకే దుకాణంలో కొంటే గుర్తుపడతారని ఆరు మందుల దుకాణాలకు వంతులవారీగా వెళతాను. మూడో దుకాణం అతను ఒకసారి, "ఇంట్లో అందరికీ జలుబేనా సార్?" అని జాలిపడ్డాడు. "తడి ఇల్లండీ" అన్నాను. పాపం, గోడలకి ఏదో రంగు వేయించమని సలహా కూడా ఇచ్చాడు. ఆ మాటకొస్తే మా ఇంట్లో ముక్కులే అంత. రెండేళ్ల కిందట పాపకి కూడా ఇలాగే జలుబు చేసి, వాళ్లమ్మ వారం రోజులు దుప్పటి కప్పి ఆవిరి పట్టించింది.

ఇక ఇందులో అసలు ఎగతాళి ఏమిటంటే నా ఉద్యోగం. నేను ప్రెస్సులో ప్రూఫులు చూస్తాను. పుస్తకాలవి కావు. మందుల పెట్టెల్లో ఎనిమిది మడతలు పెట్టి, చీమల బారులాంటి అక్షరాలతో ఒక కాగితం ఉంటుంది చూడండి, ఎవరూ చదవకుండా పారేసేది, అది. దాన్ని లోకంలో చదివేది ఇద్దరం. నేను, నాతో కలిసి ప్రూఫులు చూసే మా కామా అక్క.

*

పాట సంగతి చెప్పాలి.

మా అమ్మాయి కాలేజీలో రెండో సంవత్సరం. మూడు వారాల కిందట కాలేజీ వేడుకలో, తనే రాసి, తనే బాణీ కట్టి ఒక పాట పాడింది. నేను వెళ్లలేదు. ఆ సాయంత్రం గొడుగు ఆఫీసులో మరిచిపోయి, దానికోసం వెనక్కి వెళ్లాను. గొడుగు కోసమే అని మా ఆవిడతో చెప్పాను. వాన రాలేదు.

పాట ఎవరో ఫోనులో పట్టారు. మర్నాటికి అది వీధంతా తిరిగింది. నేను ఇస్త్రీ బట్టలు తెచ్చుకోబోతే ఇస్త్రీ దుకాణం ఆయన చొక్కాలు నా చేతికివ్వకుండా రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు. "మనసు గట్టి చేసుకోండి సార్" అన్నాడు.

ఆఫీసులో మేనేజరు గదిలోకి పిలిచి, తలుపు వేసి, కుర్చీ చూపించాడు. ఇరవై ఏళ్లలో ఆ గదిలో నాకెవరూ కుర్చీ చూపించలేదు.

"మా బాబాయి కూడా ఇంతేనండీ."

"ఎంతండీ?"

"బంగారంలాంటి మనిషి."

"ఇప్పుడెలా ఉన్నారు?"

"పోయారండీ." కాసేపు ఇద్దరం బల్లమీది కాగితం బరువు వైపు చూశాం. "మీరు మాత్రం ధైర్యంగా ఉండండి" అన్నాడు.

ఇంట్లో మా అత్తగారు దగ్గుమందు సీసా తన పెట్టెలో పెట్టి తాళం వేసింది. "ఏమీ అనుకోకండి బాబూ. అందులో కూడా కాస్త ఉంటుందట. మీమీద అనుమానం కాదు, మందు మీద అనుమానం" అంది. ఆ తర్వాత ఎవరితోనో ఫోనులో, గొంతు తగ్గించాననుకుని, "మా వైపు ఎవరికీ లేదమ్మా ఇది, చుట్ట కూడా లేదు" అంటోంది.

మా ఆవిడ మాత్రం గొంతు తగ్గించే రకం కాదు. ఆమె కళ్లజోళ్ల దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. గోడమీది అక్షరాలు చదివిస్తూ, కంటి ముందు ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి, "ఇదా? ఇదా? ఏది స్పష్టంగా ఉంది?" అని అడగడం ఆమె పని. పొద్దుటినుంచి సాయంత్రం దాకా అదే ప్రశ్న. ఇంటికొచ్చినా పోదు.

"ఊదండి" అంది.

ఊదాను.

"వాసన రావడంలేదు."

"లేదు కాబట్టి."

"లేక వాసన రాని రకమా?" నా కళ్లలోకి, ఒకటి తర్వాత ఒకటి, చూసింది. "మీరు చాటుగా తాగుతున్నారు. ఇది ఒకటి. పిల్ల ఊరికే కల్పించి రాసింది. ఇది రెండు. ఏది స్పష్టంగా ఉంది? మొదటిదా, రెండోదా?"

"రెండూ మసగ్గానే ఉన్నాయి" అన్నాను.

"నవ్వులాటగా ఉందా? నేను మా పుట్టింటికి వెళ్లిపోతాను."

"మీ అమ్మగారు ఇక్కడే ఉన్నారు కదా."

ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే మీరే వెళ్లండి" అంది.

నేను ఆ క్షణంలో చెప్పేయొచ్చు. ఒక్క వాక్యం. చెబితే తాగుబోతు పేరు పోతుంది. దానికి బదులు ఆరేళ్ల అబద్ధాలకోరు పేరు వస్తుంది. అదీ కన్నకూతురి మీద ఒట్టు వేసి. ఏ పేరు మేలో నేను రెండు వారాలు తూకం వేశాను. మనిషి ఎంత విచిత్రమైనవాడో అప్పుడే తెలిసింది. చెయ్యని తప్పుకి తల వంచుకోవడం చేసిన తప్పు ఒప్పుకోవడం కన్నా చాలా సుఖంగా ఉంది. అందరూ జాలిపడుతుంటే నేను కాస్త తూలడం కూడా మొదలుపెట్టానేమోనని నాకు అనుమానం.

పాట నాకు అర్థమైంది మరి. అందరికన్నా బాగా అర్థమైంది. ఫోనులో ముప్పైసార్లు విన్నాను, చెవిలో తీగ పెట్టుకుని, దొంగలా. ఒక కాగితం మీద రాసుకున్నాను కూడా. మొదట్లో వచ్చే దిండు కింద సీసా సరే, ఎవరి దిండు కిందైనా ఉండొచ్చు. కానీ రెండో చరణం ఉంది చూడండి:

కొళాయి తిప్పి చప్పుడు కప్పి
తలుపు వెనకాల తల వెనక్కి

లోకం ఇక్కడ సీసా ఎత్తి గటగటా తాగే మనిషిని చూసింది. నేను నన్ను చూసుకున్నాను. తల వెనక్కి వాల్చి, రెండు ముక్కుల్లో మందు వేసుకుని, గట్టిగా పీల్చే ఆ సుర్రుమనే చప్పుడు బయటికి వినబడకుండా కొళాయి పూర్తిగా తిప్పి నిలబడే మనిషిని. అంటే పిల్లకి తెలుసు. తెలిసి, వేదికెక్కి, మైకు పట్టుకుని, నన్ను నిలదీసింది. కన్నకూతురు! నాకు మొదట భయం వేసింది, తర్వాత కోపం వచ్చింది, ఆ తర్వాత చాలాసేపు నామీద నాకే జాలి కలిగింది. జాలి మిగతా రెండింటికన్నా ఎక్కువ రోజులు నిలిచింది.

ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. అది కిటికీ దగ్గర కూర్చుని గిటారు తీగలు బిగిస్తోంది.

"పాట బాగుంది. ఎవరి గురించి?"

"ఎవరి గురించీ కాదు నాన్నా."

"ఊహా?"

"ఊహే." తల ఎత్తలేదు. "నీకేమనిపించింది?"

"నాకా? లయ బాగుంది."

"లయా?"

"లయే."

అప్పుడు చూసింది. గోడమీది అక్షరాల పట్టిక బట్టీపట్టి వచ్చిన గిరాకీని మా ఆవిడ చూసే చూపది.

ఈలోగా కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. శనివారం కాలేజీలన్నిటికీ కలిపి పాటల పోటీ ఉంది. మా అమ్మాయి పేరు పంపారు. అయితే పాటలో "మాదక వస్తువుల ప్రస్తావన" ఉన్నందున, దాని అర్థాన్ని విద్యార్థిని జతచేసిన ఫారంలో యాభై మాటలకు మించకుండా రాసి, తల్లిదండ్రులతో కలిసి గురువారం ఉదయం పది గంటలకు కౌన్సిలింగు మేడమ్ ఎదుట వివరించాలి. సంతృప్తికరంగా లేకపోతే పాడనివ్వరు.

"రాయను. పాడనూ పాడను. అయిపోయింది" అంది మా అమ్మాయి. గిటారు తీసుకెళ్లి బీరువా మీద, అందనంత లోపలికి తోసింది. ఎక్కి తోయడానికి కుర్చీ నేనే పట్టుకున్నాను.

ఆ రోజు నుంచి ఇంట్లో గిటారు చప్పుడు లేదు. దానివల్ల బాత్రూము కొళాయి చప్పుడు మరీ పెద్దగా వినబడుతోంది.

*

బుధవారం మధ్యాహ్నం. రేపే ఆ పది గంటలు.

మా పని ఇద్దరు చేసేది. ఒకరు మూలప్రతి పట్టుకుని పైకి చదవాలి, ఉన్నది ఉన్నట్టు, కామా, ఫుల్‌స్టాపు, బ్రాకెట్టు అన్నీ నోటితో చెబుతూ. రెండోవాళ్లు అచ్చుప్రతి మీద పెన్సిలు పెట్టి వింటూ పోవాలి. ఎక్కడ తేడా వస్తే అక్కడ గుర్తు పెట్టాలి. కామా అక్క చదువుతుంది, నేను పెన్సిలు. ఇరవై రెండేళ్లుగా చదివి చదివి ఆమెకి అది మాటల్లో కలిసిపోయింది. "టీ తాగుదామా ప్రశ్నార్థకం" అంటుంది. ఇంట్లో మనవల్ని కూడా ఇలాగే కేకలేస్తుందట, "ఇటు రా కామా వెధవా ఆశ్చర్యార్థకం" అని.

ఆ రోజు వచ్చింది ఏ కాగితమో చెప్పనక్కర్లేదు. నా మందుదే. ఏటా ఒకసారి వస్తుంది. అక్క చదివింది. "ఒక్కొక్క ముక్కులో రెండు చుక్కల చొప్పున కామా రోజుకు రెండుసార్లు ఫుల్‌స్టాపు. అయిదు రోజులకు మించి వాడరాదు ఫుల్‌స్టాపు. మించి వాడినచో ముక్కు దిబ్బడ మరింత పెరుగును ఫుల్‌స్టాపు." నా పెన్సిలు ఎక్కడా ఆగలేదు. చివర సంతకం పెట్టి ఇచ్చాను. తను సంతకం పెట్టబోతూ అక్క అచ్చుప్రతి మీదికి వంగింది.

"తమ్ముడూ."

"ఊఁ."

"అయిదు రోజులకు మించి వాడరాదు అనే వాక్యం ఇందులో ఎక్కడుంది?"

చూశాను. లేదు. అచ్చుకి అక్షరాలు కూర్చేటప్పుడు ఆ వరుస మొత్తం ఎగిరిపోయింది. ఆమె చదివింది, నేను విన్నాను, కాగితం మీద లేని వాక్యం మీద నుంచి నా పెన్సిలు హాయిగా నడిచి వెళ్లిపోయింది.

"ఆఫీసులో నీ పేరేంటి? డేగకన్ను. పోయినేడాది కూడా ఇదే కాగితంలో ఇదే వాక్యం వదిలేశావ్. నీ పరువు పోతుందని నేనే పెట్టేసి ఊరుకున్నా. రెండుసార్లు ఒకే చోట తప్పు పోతే అది కళ్ల తప్పు కాదయ్యా."

ముక్కు బిగుసుకుంటోంది. మధ్యాహ్నం మూడు గంటలు దాటితే బిగుసుకుంటుంది.

"ఏదీ, ఆ పాట చూపించు" అంది.

"ఏ పాట?"

"లోకంలో ఇంకేదో పాట ఉన్నట్టు. ఊరంతా అర్థాలు చెబుతున్నారు, నేను మాత్రం చదవందే చెప్పను. తే."

సంచిలోంచి రెండు కాగితాలు తీశాను. ఒకటి ఉత్తరంతో పాటు కాలేజీవాళ్లు టైపు చేసి పంపినది, నేను మడత విప్పలేదు. రెండోది నా చేతిరాత, ముప్పైసార్లు విని రాసుకున్నది. ఆమె టైపు కాగితం తీసుకుంది. అలవాటు కొద్దీ నా కాగితం మీద నేను పెన్సిలు పెట్టాను. అలవాటు కొద్దీ ఆమె మందు కాగితాలు చదివే గొంతుతోనే మొదలుపెట్టింది. నా కూతురి పాట దగ్గుమందు కాగితంలా వినబడింది.

"దిండు కింద చిన్న సీసా కామా. దుప్పటి కింద పెద్ద ఆశ కామా. రేపటినుంచి మానేస్తానని రోజూ చెప్పే పాత భాష ఫుల్‌స్టాపు. వదలవు నువ్వు కామా వదలను నేను కామా. ఇద్దరి మధ్యా నలిగే ఊపిరి ఫుల్‌స్టాపు."

"సరిపోయింది" అన్నాను.

"కొళాయి తిప్పి చప్పుడు కప్పి కామా. తలుపు వెనకాల తల వెనక్కి ఫుల్‌స్టాపు."

"సరిపోయింది. అంతే." పెన్సిలు కింద పెట్టాను.

అక్క ఆపలేదు. "తలుపుకు ఇవతల నిలబడి ఉన్నా కామా. అడిగినవాళ్లకు లేదని అన్నా ఫుల్‌స్టాపు. సీసా నీది కామా తల తిరుగుడు నాది ఫుల్‌స్టాపు. ఒట్టు నీది కామా భయం నాది ఫుల్‌స్టాపు."

నేను నా కాగితం తిరగేసి చూశాను. వెనక ఏమీ లేదు.

"అవి ఎవరు కలిపారు?"

"కలపడమేంటి? పాటలో ఉన్నవే. నువ్వే వదిలేశావ్. నాలుగు లైన్లు."

"ముప్పైసార్లు విన్నానక్కా. కొళాయి తర్వాత చప్పట్లే."

అన్నాక అనుమానం వచ్చింది. ఫోను తీసి, తీగ చెవిలో పెట్టుకుని, విన్నాను. కొళాయి దగ్గరికి రాగానే ఎప్పటిలాగే చెవుల్లో రక్తం హోరెత్తింది. ఆ హోరునే నేను ఇన్నాళ్లూ చప్పట్లనుకున్నాను. ఈసారి పెన్సిలు గట్టిగా పట్టుకుని హోరు వెనక్కి వెళ్లాను. అక్కడ మా అమ్మాయి గొంతు ఉంది. చాలా మెల్లగా, ఎవరికీ చెప్పనట్టు, పాడుతోంది.

"అయితే ఇది తాగేవాడి పాట కాదన్నమాట" అంది అక్క, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. "అందరూ తాగేవాడెవడో వెతుకుతున్నారు. ఇందులో 'నేను' అన్నది వాడు కాదు. తలుపు బయట నిలబడ్డ మనిషి. మొదటినుంచీ ఆ మనిషే. తప్పు చేసినవాడు లోపల నిక్షేపంగా ఉన్నాడు. తప్పు చేశానని కుమిలిపోతున్నది బయట కాపలా ఉన్న మనిషి. పాపం, ఎవరో చిన్నపిల్లయ్యా, ఫుల్‌స్టాపు."

వదలవు నువ్వు, వదలను నేను. నువ్వు అంటే సీసా అనుకున్నాను. నువ్వు అంటే నేను.

అప్పుడు గుర్తుకొచ్చింది అనడం అబద్ధం. మరిచిపోతే కదా గుర్తుకు రావడానికి. రెండేళ్ల కిందట మా ఆవిడ పాప బడిసంచి ఉతకబోయి, అందులో ఒక చిన్న సీసా చూసింది. నాదే. పీపా వెనక ఉండాల్సింది. ఎవరో పీపా బాగుచేయడానికి వస్తున్నారని ముందురోజు ఇంట్లో అనుకున్నాం. నేను మరిచిపోయాను, పిల్ల మరిచిపోలేదు. "ఇదేంటే?" అని వాళ్లమ్మ అడిగితే, నేను పేపరు చదువుతున్నాను, అది నా వైపు చూడకుండా, "నాకే అమ్మా, జలుబు" అంది. జలుబు లేని పిల్ల వారం రోజులు దుప్పటి కింద, పొగలు కక్కే గిన్నె ముందు, కళ్లు ఎర్రగా చేసుకుని కూర్చుంది. నేను పక్కనే నిలబడి, "బాగా లోపలికి పీల్చమ్మా" అని సలహా ఇచ్చాను. తర్వాత బాత్రూములోకి వెళ్లి కొళాయి తిప్పుకున్నాను. మా ఇంట్లో ముక్కులే అంత అని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను.

ఆ వరుసనీ నేనే ఎగరగొట్టాను.

"అక్కా, నేను తొందరగా ఇంటికి వెళ్లాలి."

"వెళ్లు. ఆ వాక్యం మాత్రం పెట్టి వెళ్లు."

అచ్చుప్రతి అంచున, నా చేత్తో, అయిదు రోజులకు మించి వాడరాదు అని రాశాను. ఆరేళ్లలో మొదటిసారి ఆ వాక్యం నాకు పూర్తిగా వినబడింది.

*

ఇంటికి వచ్చేసరికి ముగ్గురూ భోజనాల బల్ల చుట్టూ ఉన్నారు. మధ్యలో ఫారం. మా అమ్మాయి చేతిలో పెన్ను. మా ఆవిడ దుకాణం కోటు కూడా విప్పలేదు. అత్తగారు చెబుతోంది.

"రాయి. 'ఇది ఒక రాకుమారుడి కథ.'"

"అమ్మమ్మా, రాకుమారుడు కొళాయి ఎందుకు తిప్పుతాడు?"

"కాళ్లు కడుక్కోడానికి తిప్పుతాడు. నీకెందుకే? పదిమందిలో పరువు దక్కాలి. పోనీ, 'పక్కింటివాళ్ల గురించి' అని రాయి."

"పక్కింటావిడ నా దగ్గరే కళ్లజోడు తీసుకుంటుందమ్మా" అంది మా ఆవిడ. నన్ను చూసి ఆగింది. "వచ్చారా. ఊదక్కర్లేదు, కూర్చోండి. పిల్ల రాస్తానంది."

"రాయను అంది కదా?"

"ఇప్పుడు రాస్తానంటోంది."

మా అమ్మాయి అప్పటికే ఒక వాక్యం రాసింది. తలకిందులుగా ఉన్నా చదవగలను, అది నా వృత్తి. 'ఈ పాట పూర్తిగా నా ఊహ. దీనికి మా ఇంట్లో ఎవరితోనూ.' అక్కడిదాకా. తల వంచుకుని, బడిసంచి నాటి గొంతుతో, "ఇది చాల్లే అమ్మా. అందరూ ఊరుకుంటారు. పోటీకి నేనెలాగూ వెళ్లను" అంది.

"రాయకు" అన్నాను.

పెన్ను ఆగింది. నేను కుర్చీలో కూర్చుని ఎడమ బూటు విప్పాను. తర్వాత మేజోడు.

"ఏంటి బాబూ ఇది, భోజనాల బల్ల దగ్గర!" అంది అత్తగారు. మా ఆవిడ వైపు తిరిగి, "ఎక్కువైనట్టుందే" అని గొణిగింది.

మేజోడులోంచి సీసా తీసి ఫారం మీద, ఆ సగం వాక్యం మీద, పెట్టాను. మా ఆవిడ దాన్ని తీసుకుని, చెయ్యి చాపి దూరంగా పెట్టి, దగ్గరగా తెచ్చి, పేరు చదివింది.

"ఇది ముక్కు మందు."

"అవును."

"జలుబా?"

"కాదు. ఒట్టు వేసిన అయిదో రోజునుంచి."

"అయితే తాగడం?" అంది అత్తగారు.

"తాగడం లేదు అత్తయ్యగారూ. ఎప్పుడూ లేదు."

"ఓస్, ఇంతేనా!" ఆమె మొహంలో నిజంగానే నిరాశ కనిపించింది. ఎంతమందికి ఫోను చేసి చెప్పిందో, ఎంతమందికి మళ్లీ చెప్పాలో. "ముక్కుకి పాటేంటే నా తల్లీ!"

ఎవరూ నవ్వలేదు. మా ఆవిడ సీసాని బల్లమీద పెట్టింది, చప్పుడు కాకుండా.

"పాప మీద వేశారు ఒట్టు" అంది.

"నాకేం కాలేదుగా అమ్మా, చూడు, బాగానే ఉన్నాగా" అంది మా అమ్మాయి గబగబా. పదిహేడేళ్ల పిల్ల. ఇంకా తలుపు బయటే నిలబడి ఉంది. "నాన్న మానేస్తానన్నాడు, చాలాసార్లు మానేయబోయాడు కూడా, నేను..."

"దాని సంచిలో దొరికింది నాదే" అన్నాను మా ఆవిడతో. "ఆ వారం ఆవిరి నేను పట్టాల్సింది."

మా ఆవిడ నన్ను చూసింది, దాన్ని చూసింది, మళ్లీ నన్ను చూసింది. ఏది స్పష్టంగా ఉందని అడగలేదు.

ఇంకా చెప్పాల్సినవి ఉన్నాయి. కానీ ఈపాటికి నా ముక్కు రెండువైపులా పూర్తిగా మూసుకుపోయింది, నోరు తెరుచుకుని చేపలా ఊపిరి పీలుస్తున్నాను. లేచాను. కాళ్లు వాటంతట అవే బాత్రూము వైపు రెండడుగులు వేశాయి, ఒక కాలికి బూటుతో, ఒక కాలికి ఏమీ లేకుండా. ముగ్గురూ చూస్తున్నారు. మా అమ్మాయి చూడటంలేదు, బల్ల అంచు పట్టుకుని ఆ తలుపు చప్పుడు కోసం ఎదురుచూస్తోంది.

వెనక్కి వచ్చాను. చేతులు కడుక్కునే తొట్టి అక్కడే, నా కుర్చీ పక్కనే ఉంది. చెయ్యి అలవాటుగా కొళాయి మీదికి వెళ్లింది. తీసేశాను. బల్లమీది సీసా మూత విప్పి, తల వెనక్కి వాల్చి, కుడివైపు రెండు, ఎడమవైపు రెండు వేసుకుని, సుర్రుమని, ఇల్లంతా వినబడేంత గట్టిగా పీల్చాను.